నిండుకుంది అన్న మాట

ఆసుపత్రిలో ఆయన్ని అందరూ గ్యాసాయన అనేవాళ్ళు. ప్రాణవాయువు సిలిండర్లు ఉంచే గదికి ఆయనే కాపలా, ఆయనే పెత్తందారు, ఆయనే కూలీ. "పేరుకే గ్యాసాయన, గ్యాసు కొట్టడం మాత్రం రాదు పాపం" అని లిఫ్టు నడిపే అతను ఆటపట్టించేవాడు. నిజమే. ఆయన గొప్పలు చెప్పుకోగా ఎవరూ వినలేదు. అబద్ధం కూడా ఆడడనే నేను చాలాకాలం అనుకున్నాను.

నేను పక్కగదిలో పాత కేసు కాగితాలు భద్రపరిచే గుమాస్తాని. రెండు గదుల మధ్యా సన్నటి వసారా, అందులో ఒక ఇనప బెంచీ. మధ్యాహ్నం పని పలచబడ్డాక ఇద్దరం అక్కడ కూర్చునేవాళ్ళం. నేను ఏదో ఒక పుస్తకం చదువుకునేవాణ్ణి. ఆయన చేతిలో పానా ఉండేది. ఇరవై రెండేళ్ళలో మేము మాట్లాడుకున్న మాటలన్నీ పోగేస్తే ఒక చిన్న పుస్తకం కూడా కాదు. అయినా ఒకరికొకరు తెలుసనే అనుకునేవాళ్ళం.

ఆయన గదిలో సిలిండర్లు నల్లటి ఒళ్ళు, తెల్లటి భుజాలతో మనుషుల్లా వరసగా నిలబడి ఉండేవి. పడకుండా గోడకు గొలుసులు. కొత్తగా వచ్చినవి ఎడమవైపు, వాడేసినవి కుడివైపు. ఎవరైనా తారుమారు చేస్తే చూడకుండానే కనిపెట్టేవాడు. పానాతో ఒక్క దెబ్బ తట్టేవాడు. నిండుగా ఉన్నది జలుబు చేసిన గొంతులా బొంగురుగా పలుకుతుంది. లోపల ఏమీ లేనిది గంటలా చాలాసేపు మోగుతుంది.

ప్రతి సిలిండరు మెడకూ ఒక చీటీ వేలాడేది. పూర్వం అచ్చు వేసినవి వచ్చేవి. అవి రావడం మానేశాక, చేతితొడుగులు వచ్చే అట్టపెట్టెలు కత్తిరించి, చిల్లు పొడిచి, దారం కట్టి, తనే రాయడం మొదలుపెట్టాడు. వచ్చినవాటికి "కొత్తది" అని. వాడేసినవాటికి "నిండుకుంది" అని.

ఆ మాట వాళ్ళమ్మ దగ్గర్నుంచి వచ్చింది. ఆవిడ ఇంట్లో లేదు, అయిపోయింది, ఖాళీ అన్న మాటలు నోట రానిచ్చేది కాదట. గరిటె డబ్బా అడుగు గీకుతున్నా సరే, బియ్యం నిండుకున్నాయి అనాలి. దీపం ఆరదు, కొండెక్కుతుంది. ఆరేళ్ళప్పుడు ఒకసారి పక్కింటావిడ ఎదుట "మా ఇంట్లో బియ్యం లేవు" అన్నందుకు వీపు విమానం మోత మోగించిందట. "నోట్లో ఉన్న లేమి ఇంట్లోకి దిగుతుందిరా" అని అన్నం పెడుతూ చెప్పిందట. ఆ పూట అన్నం ఎక్కణ్ణించి వచ్చిందని అడిగాను. "పక్కింటావిడ ఇచ్చింది" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. అందులో నవ్వే సంగతి ఉందని ఆయనకు తోచినట్టు లేదు.

పాతకాలపు వార్డు ఆయాలకూ, నర్సమ్మలకూ ఆ మాట ఇంటి మాటే. ఇరవై ఏళ్ళు ఏ చిక్కూ రాలేదు.

ఆయన భార్య మా ఆసుపత్రిలోనే కుట్టుగదిలో పనిచేసేది. దుప్పట్ల అంచులు మడవడం, దిండుగలీబులు కుట్టడం. గలగలా మాట్లాడే మనిషి. మొగుడు మాట్లాడని మాటలన్నీ తనే మాట్లాడేస్తోందని కుట్టుగదిలో అనుకునేవాళ్ళు. అప్పటికి రెండేళ్ళ కిందట దగ్గుతో మొదలైంది. ఊపిరితిత్తులు మెల్లమెల్లగా గట్టిపడిపోతున్నాయని ఛాతీ డాక్టరు చెప్పాడు. కారణం చెప్పలేకపోయాడు. మొదట మెట్లు మానేసింది, తర్వాత కుట్టు, తర్వాత వంట. చివరికి మంచం పక్కన ఒక సిలిండరు వచ్చి నిలబడింది. దాన్ని ఆయనే వారానికి రెండుసార్లు చక్రాలబండి మీద మార్చేవాడు.

ఒక్కతే కూతురు. దూరంగా ఉన్న ఓడరేవులో క్రేను నడపడం నేర్చుకుంటోంది. తొమ్మిది నెలల శిక్షణ. మధ్యలో వారం మించి మానేస్తే పేరు కొట్టేస్తారు, మళ్ళీ ఏడాది దాకా ఆగాలి. ఆ చోటు దొరకడానికే మూడేళ్ళు పట్టింది. ఆదివారం ఆదివారం ఫోను చేసేది. "అమ్మ ఎలా ఉంది నాన్నా?" "నయంగా ఉందమ్మా. నీ పని చూసుకో." అది అయ్యాక తల్లి ఫోను తీసుకునేది గానీ, అప్పటికి ఆమెకు రెండు మాటలకొకసారి ఊపిరి ఆగేది. వినడమే ఎక్కువ.

ఒక సోమవారం డాక్టరు ఆయన్ని వసారా చివరికి పిలిచి ఏదో చెప్పాడు. బెంచీ మీద నుంచి చూస్తున్నాను. ఆయన తల ఊపి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఏమన్నాడు?" అన్నాను.

"కొంచెం నయంగానే ఉందన్నాడు."

"మంచిదే కదా."

"మంచిదే."

నేను పుస్తకంలోకి వెళ్ళిపోయాను.

డాక్టరు చెప్పింది అది కాదు. మూడు వారాలు, మహా అయితే నాలుగు, రావలసినవాళ్ళుంటే పిలిపించుకోండి అని చెప్పాడు. కూతురి శిక్షణ ముగియడానికి అప్పటికి పది వారాలుంది. ఆ పది వారాలు ఎలాగోలా దాటిపోతాయని ఆయన అనుకున్నాడు. అనుకోవడమని కూడా అనలేను. పక్కన పెట్టాడు, అంతే. పొద్దున భార్య గ్లాసుడు నీళ్ళు పూర్తిగా తాగింది, కాబట్టి మెరుగే. కిటికీ తెర మాసింది, ఉతకమంది, కాబట్టి మెరుగే. డాక్టర్లు పొరబడరా? పోయిన ఏడాది ఇదే డాక్టరు ఎవరికో ఆరు నెలలంటే ఆ మనిషి ఇప్పటికీ బజార్లో కనిపిస్తున్నాడు. ఇలా రోజుకొకటి పోగేసుకున్నాడు. మధ్యలో వచ్చిన ఆదివారం కూతురు ఫోను చేసింది. నయంగానే ఉందన్నాడు.

పదోరోజు, గురువారం, సిలిండర్ల గదిలో నేల బండలు కదిలితే బాగుచేయడానికి తాపీవాళ్ళు వచ్చారు. కుడివైపు బండలు లేపేశారు. దాంతో కొత్తవీ వాడేసినవీ అన్నీ ఎడమగోడకే ఆనించి, గొలుసు వేసి, భార్యను చూసి రావడానికి ఆయన ఇంటికి వెళ్ళాడు. రోజూ ఆ వేళకు వెళ్ళేవాడే. చీటీలున్నాయి కదా అని ధైర్యం.

ఆ వారమే చేరిన నర్సమ్మాయి ఒకతి ఆ టైములో సిలిండరు కోసం వచ్చింది. మూడో అంతస్తులో టైర్లకు అతుకులు వేసే పెద్దాయన ఒకాయన నిమోనియాతో ఉన్నాడు. ఛాతీ ఎక్స్‌రే తీయించడానికి కిందికి దించాలి. దారిలో గాలి ఆగకూడదు. ఆమె చీటీలు చదివింది. కొత్తది అని కొన్ని, నిండుకుంది అని కొన్ని. కొత్తదంటే ఇంకా తెరిచి చూడనిదేమో, నిండుకుంది అంటే నింపి సిద్ధంగా పెట్టిందేమో అనుకుంది. జాగ్రత్తపడి నిండుకున్నదాన్నే తీసుకెళ్ళింది.

రెండో అంతస్తుకూ మొదటి అంతస్తుకూ మధ్య లిఫ్టులో పెద్దాయన పెదాలు నీలంగా మారాయి. లిఫ్టతను మొదటి అంతస్తులో ఆపి, పరిగెత్తి, పక్క వార్డు నుంచి ఇంకో సిలిండరు ఈడ్చుకొచ్చాడు. నాలుగు నిమిషాలు పట్టింది. పెద్దాయనకు ఏమీ కాలేదు. ఏమీ కాలేదంటే, అంతకుముందు ఉన్నదానికన్నా ఏమీ కాలేదు. ఆరోరోజున నడుచుకుంటూ ఇంటికి పోయాడు.

ఆ సాయంత్రం పెద్ద డాక్టరమ్మ తన గదికి పిలిపించింది. ఆసుపత్రికి పెద్ద ఆవిడే. గ్యాసాయన, నర్సమ్మాయి, లిఫ్టతను. మాటలు రాసుకోవడానికి నేను. బల్ల మీద ఆ అట్టముక్క ఉంది.

"ఇది మీ చేతిరాతేనా?"

"నాదేనండి."

"ఏమీ లేని సిలిండరు మీద నిండుకుంది అని ఎందుకు రాశారు?"

"నిండుకుంటే నిండుకుందనే కదండీ రాయాలి."

లిఫ్టతను పక్కకి తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు. నర్సమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ, "నిండుకోవడమంటే నిండడం కాదా మేడమ్?" అంది.

"ఇంట్లో ఉప్పు అయిపోతే మీ అమ్మ ఏమంటుంది తల్లీ?" అన్నాడు లిఫ్టతను.

"అయిపోయింది, తీసుకురా అంటుంది."

"చూశారా, కాలం" అన్నాడు అతను నాతో. డాక్టరమ్మ అతని వైపు చూసేసరికి ఊరుకున్నాడు.

"మీటరు ముల్లు చూసుకోలేదా నువ్వు?" అని ఆమె నర్సమ్మాయిని అడిగింది.

"చూశాను మేడమ్. సున్నా దగ్గరే ఉంది. సిలిండరు తెరిచే తాళం సరిగ్గా తిరగలేదేమో అనుకున్నాను. చీటీ మీద నిండిందని రాసుంది కదా అని."

గ్యాసాయన ఆ పిల్ల వైపు చూశాడు. కోపంగా కాదు. దారి అడిగితే ఎవరో చెప్పిన జవాబు వింటున్నట్టు చూశాడు.

"మా అమ్మ ఆ మాట అననిచ్చేది కాదండి" అన్నాడు మెల్లగా.

"మీ అమ్మగారి మాట మీ వంటింట్లో చెల్లుతుంది. అక్కడ ఎవరైనా మూత తీసి చూసుకుంటారు. ఇక్కడ మీరు రాసింది చదివి ఒక మనిషి ముక్కుకు గొట్టం పెడతారు. చీకటి పడేలోపు చీటీలన్నీ మార్చండి."

నా బల్ల దగ్గర కూర్చుని మార్చాడు. అట్టముక్కలు నేను కత్తిరించాను, ఆయన రాశాడు. మొదటి చీటీ మీద 'ఖా' రాసి, కలం ఎత్తి, సిరా ఆరిందా అన్నట్టు చూశాడు. తర్వాత 'ళీ' రాశాడు. ఆ తర్వాత వరసగా రాసుకుంటూ పోయాడు. పదో పన్నెండో అయ్యాక తల ఎత్తకుండానే అన్నాడు.

"సోమవారం డాక్టరు నయమనలేదు."

"మరి?"

"మూడు వారాలన్నాడు. నాలుగు కూడా కావచ్చన్నాడు."

"పోయిన సోమవారమా?"

"అవతలి సోమవారం."

"అమ్మాయికి చెప్పావా?"

తల అడ్డంగా ఊపి, ఇంకో అట్టముక్క తీసుకున్నాడు. నేను కత్తెర పట్టుకుని కూర్చున్నాను. ఏదైనా చెప్పవలసింది నేనే. ఇన్ని పుస్తకాలు చదివాను, ఒక్క మాట కూడా చేతికి రాలేదు. ముప్ఫై నాలుగు చీటీలు పూర్తిచేసి, దారాలు కట్టి, గొలుసులు సరిచూసి ఇంటికి వెళ్ళాడు.

ఇంటి దగ్గర జరిగింది ఆయనే తర్వాత చెప్పాడు. ఒకసారి కాదు, ముక్కలు ముక్కలుగా.

"ఆలస్యమైందేం?" అని భార్య అడిగింది. ఆయన గొట్టం సర్ది, దిండు ఎత్తు చేసి, చీటీ సంగతంతా చెప్పాడు. ఆమె నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

"మీ అమ్మ... బతికినన్నాళ్ళూ నన్ను సాధించింది చాలక... పోయాక కూడా ఒకణ్ణి చంపబోయింది" అంది.

"ఊరుకో. మాట్లాడకు."

"ఊరుకుంటాలెండి. ఎలాగూ." కాస్త ఊపిరి తీసుకుని, "అమ్మాయికి ఏం చెప్తున్నారు?" అంది.

"నయంగా ఉందని."

"నయమంటే... అది ఏమనుకుంటుంది?"

ఆయన గొట్టం మళ్ళీ సర్దాడు.

"నయమనే అనుకుంటుంది" అంది ఆమె.

"దాని చదువు పోతుంది. ఇంకా ఎనిమిది వారాలే. నువ్వు కాస్త..."

"కాస్త ఏం చెయ్యమంటారు? ఓపిక పట్టమంటారా?" ఆ మాటకు కూడా ఆమె నవ్వబోయి ఆపుకుంది. "నాకు తెలీదనుకున్నారా? గుడ్డికన్ను మూస్తే ఎంత, తెరిస్తే ఎంత. నేను పోతానని నాకు దిగులు లేదు... ఉంది, కానీ అది వేరే. నాకు మాటుండగా రావాలి అది. మాట పోయాక వచ్చి... మంచం పక్కన కూర్చుని చూస్తే... దానికేం మిగులుతుంది, నాకేం మిగులుతుంది?"

ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడి రెండు నెలలైంది. కళ్ళు మూసుకుంది. ఆయన ఫోను తీసుకుని మెట్ల మీదికి వెళ్ళాడు. పై మెట్టు మీద ఎవరివో చెప్పులున్నాయి. వాటిని పక్కకు జరిపి కూర్చున్నాడట. అది కూడా చెప్పాడు నాతో, అదేదో ముఖ్యమైనట్టు.

"ఇవాళ గురువారం కదా నాన్నా" అంది కూతురు, ఫోను ఎత్తగానే.

"అవునమ్మా. అమ్మకి నయం కాదు."

"నయం కాలేదా? మొన్న బాగుందన్నావుగా."

"కాలేదు కాదమ్మా. కాదు."

అవతల ఇనుము మీద ఇనుము పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఎన్నాళ్ళు?"

"మూడు వారాలన్నాడు డాక్టరు. మహా అయితే నాలుగు."

"ఎప్పుడన్నాడు?"

"పది రోజులైంది."

"బండి ఎన్నింటికుందో చూసి బయల్దేరతాను" అని పెట్టేసింది.

శనివారం పొద్దున వచ్చింది. తండ్రి తలుపు తీస్తే ఆయన్ని దాటుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు. మర్నాడు మాత్రం, "సిలిండరు నేను మారుస్తాను, నువ్వు డ్యూటీకి వెళ్ళు" అంది. వెళ్ళాడు.

తల్లీకూతుళ్ళు ఎనిమిది రోజులు మాట్లాడుకున్నారు. పెద్ద విషయాలేమీ కావని ఆ అమ్మాయే చెప్పింది నాకు. నన్ను బాబాయ్ అని పిలుస్తుంది. దిండుగలీబు మూత లోపలికి ఎలా మడవాలి. మిద్దె మీద ఉన్న ఇనప్పెట్టె తాళంచెవి ఎవరింట్లో ఉండిపోయింది. పదేళ్ళప్పుడు కొట్టిన చెంపదెబ్బ ఎందుకు కొట్టానో తనకే గుర్తు లేదని తల్లి చెప్పింది. నాకు గుర్తుందిలే, తప్పు నాదేనని కూతురు చెప్పింది. మధ్యమధ్య తల్లి నిద్రపోయేది. లేచి ఎక్కడ ఆపిందో అక్కణ్ణించి ఎత్తుకునేది. ఒకరోజు క్రేను గురించి అడిగిందట.

"అంత ఎత్తున కూచుంటే కింద మనుషులు కనిపిస్తారా?"

"అన్నిసార్లూ కనపడరమ్మా. కింద చేతులు ఊపేవాడొకడుంటాడు. వాడు ఎటు చూపిస్తే అటు దింపుతాం."

"నీ కంటికన్నా... వాడి చెయ్యే నమ్ముతావా?"

"తప్పదు."

తల్లి కాసేపు పైకప్పు చూసి, "మంచివాడేనా?" అంది.

"ఎవరు?"

"ఆ చేతులూపేవాడు. పెళ్ళయిందా?"

ఆ అమ్మాయి ఈ మాట చెప్తూ నా ముందు నవ్వింది. ఆ ఇంట్లో ఆ రోజుల గురించి నవ్వుతూ చెప్పింది అదొక్కటే.

తొమ్మిదో రోజు నుంచి మాట లేదు. మూడు రోజులు చేతి వేళ్ళతోనే జరిగింది. పన్నెండో రోజు పొద్దున, ఆయన డ్యూటీకి బయల్దేరబోతూ చెప్పులేసుకుంటుంటే, కూతురు లోపలినుంచి, "నాన్నా, ఉండు" అంది.

ఆయన వారం సెలవు పెట్టి, ఎనిమిదోరోజున పనిలోకి వచ్చాడు. అందరూ పలకరించారు. లిఫ్టతను వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. నర్సమ్మాయి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. "లోపలికి రా అమ్మా, ఏం కావాలి?" అన్నాడు. ఏమీ వద్దని వెళ్ళిపోయింది. మధ్యాహ్నం బెంచీ మీద కూర్చున్నాం. ఎలా ఉన్నావని అడిగాను. కాసేపు ఆలోచించాడు, నిజంగానే వెతుకుతున్నట్టు.

"తెలీడం లేదు" అన్నాడు. "కాలు తిమ్మిరెక్కితే నేల తగలదు చూడు. అలా ఉంది."

కూతురి పేరు రేవులో కొట్టేశారు. ఏడాది ఆగి మళ్ళీ చేరింది, నేర్చుకుంది, ఇప్పుడు అదే పని చేస్తోంది. మొన్న ఊళ్ళోకి వచ్చినప్పుడు నన్ను చూడ్డానికి వచ్చింది. గ్యాసాయన పోయి అప్పటికి నాలుగేళ్ళు. మాటల్లో ఆ రోజులు వచ్చాయి. తల్లి పోయిన అయిదోరోజున వంటింట్లో తండ్రితో ఒక మాట అన్నానని చెప్పింది. అప్పటిదాకా లోపలే పెట్టుకుందట.

"ఎనిమిది రోజులు మాట్లాడింది నాతో. డాక్టరు చెప్పిన రోజునే నువ్వు చెప్పుంటే పద్దెనిమిది రోజులు మాట్లాడేది. అన్నాను బాబాయ్."

"ఏమన్నాడు?"

"అవునన్నాడు."

"ఇంకా?"

"నేనూ చూశాను, ఇంకేమైనా చెప్తాడేమోనని. నీ చదువు కోసమే అంటాడు, అమ్మ బాగైపోతుందనుకున్నానంటాడు, ఏదో ఒకటి. అంటే లేచి వెళ్ళిపోదామని సంచి కూడా సర్దిపెట్టుకున్నాను. అవును, పది రోజులు నేనే పోగొట్టాను అన్నాడు. పొయ్యి మీద అన్నం పొంగుతుంటే మూత జరిపాడు. అంతే."

"వెళ్ళిపోయావా మరి?"

"లేదు. ఇంకో నెల ఉన్నాను."

ఆ నెలంతా ఏం మాట్లాడుకున్నారని అడిగాను.

"పెద్దగా ఏమీ లేదు" అంది. "ఇంటికి వెల్ల వేశాం. పైభాగం నేను, కిందిభాగం ఆయన."